ఒంటి చక్రం కాపురం

మన నవలల్లో కారు ఊరికే బురదలో దిగబడదు. దిగబడిందంటే హీరోకీ హీరోయిన్‌కీ పరిచయం కావడానికే దిగబడుతుంది. ఆయన చిరాగ్గా తలుపు తీసుకుని దిగుతాడు, ఆవిడ గొడుగు పట్టుకుని ఎదురొస్తుంది, నలుగురు కూలీలు "ఐసా" అంటూ తోస్తారు, కారు బయటపడుతుంది, కథ ముందుకు సాగుతుంది. అలాంటి ఘట్టాలు నేనూ రాశాను. చదివినవాళ్ళు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు కూడా. కానీ "ఇంతకీ ఆ కారు ఎందుకు దిగబడిందండీ?" అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. వాన కురిసింది, బురదయింది, దిగబడింది. ఇంక అడగడానికి ఏముంది అనుకుంటారు కాబోలు.

చాలా ఉంది. మా ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళి, అక్కణ్ణించి దుమ్ముగూడెం, చర్ల వైపో, ఎటపాక, చింతూరు వైపో పోయి చూడండి. వానాకాలంలో దారి పక్కన ఒరిగి నిలబడిన బండి ఒక్కటైనా కనబడకపోదు. ఆగి, దిగి, వెనక చక్రాలకేసి ఒక్కసారి చూడండి. ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతూ ఉంటుంది. రెండోది తారు మీద, శుభ్రంగా, పొడిగా, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా కదలకుండా కూర్చుని ఉంటుంది! నా తగాదా అంతా ఈ రెండో చక్రంతోనే. బురదలో ఉన్నది జారిందంటే అర్థముంది. గట్టినేల మీద ఉన్నదానికి ఏం రోగం?

రోగం దానిది కాదు. దాని పైనున్న పెద్దదిక్కుది. ఆ పెద్దదిక్కు పేరు డిఫరెన్షియల్.

నేను బి.ఏ. చదివిన దాన్ని. ప్రబంధాలు చదివాను గాని పళ్ళచక్రాలు చదవలేదు. అయినా వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడే మనిషికి అర్థంకానంత బ్రహ్మవిద్య ఇందులో ఏమీ లేదు. కొంగుముడి వేసుకుని గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే దంపతుల్ని చూడండి. లోపలివైపు నడిచేవాళ్ళకి నాలుగడుగులైతే, బయటివైపు వాళ్ళకి ఐదడుగులు. బండి మలుపు తిరిగేటప్పుడు రెండు చక్రాల పరిస్థితీ అంతే. బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. రెంటినీ ఒకే కడ్డీకి బిగించేస్తే ఏదో ఒకటి నేలమీద ఈడ్చుకుపోతుంది. టైరు అరుగుతుంది, బండి తిరగనని మొరాయిస్తుంది. అందుకని ఎవరి వేగాన వాళ్ళు నడిచే వీలు కల్పిస్తూ మధ్యలో ఒక పళ్ళచక్రాల గుండు పెట్టారు. ఫ్రాన్సులో పెకర్ అనే ఆయన 1820లలోనే ఆవిరి బండి కోసం దీన్ని కనిపెట్టాడు. దొడ్డ బుద్ధి, కాదనను.

అయితే దానికొక గుణముంది. ఇద్దరు కొడుకులకీ సమానంగా పెట్టితీరతానని ఒట్టేసుకున్న తల్లిలాంటిది అది. చిన్నవాడు జ్వరంతో గుప్పెడు తిని లేస్తే, పొలంలో కష్టపడొచ్చిన పెద్దవాడికి కూడా గుప్పెడే పెడుతుంది. "ఇద్దరూ నాకు సమానమే" అంటుంది. న్యాయమే! కానీ ఇంటి పని ఎవరు చేస్తారు తల్లీ?

లెక్క చెబుతాను. కేవలం ఉదాహరణకి. బురదలోని చక్రం పది పాళ్ళ బలం ఇస్తేనే జారిపోతుందనుకోండి. తారు మీది చక్రం వంద పాళ్ళు పట్టగలదు. బండి కదలాలంటే మొత్తం నలభై కావాలి. మామూలు డిఫరెన్షియల్ ఏం చేస్తుంది? బురద చక్రం పదికి మించి తీసుకోలేదు గనక తారు చక్రానికీ పదే ఇస్తుంది. మొత్తం ఇరవై. బండి కదలదు. మీరు ఎంత తొక్కితే బురద చక్రం అంత వేగంగా తిరుగుతుంది, అంత లోతుగా గొయ్యి తవ్వుకుంటుంది. ఇంజను వంద గుర్రాలదైనా సరే, వెయ్యి ఏనుగులదైనా సరే.

దీనికి మందు కూడా పాతదే. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అంటారు. జారడాన్ని హద్దులో పెట్టేది అని అర్థం. ఆ గుండులోనే రెండు పక్కలా కొన్ని సన్నటి ఉక్కు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకునేలా పేరుస్తారు. ఒక చక్రం ఒళ్ళు మరిచి తిరగబోతే ఆ పలకల ఒరిపిడి దాని కొంగు పట్టుకుని లాగి, మిగిలిన బలాన్ని రెండో చక్రానికి మళ్ళిస్తుంది. జారే చక్రానికి దక్కినదానికి మూడింతలు రెండోదానికిచ్చే రకమైతే, బురద చక్రానికి పది, తారు చక్రానికి ముప్ఫై. మొత్తం నలభై! బండి కదిలింది. తల్లి బుద్ధి మారింది, ఇల్లు నిలబడింది.

ఈ అడవి సరిహద్దుకీ ఈ లెక్కకీ ఏం సంబంధం అంటారా? సంబంధం ఆ దారుల వెడల్పులో ఉంది. నడిమధ్యన ఒక్క బండికి సరిపడా తారు, అటూ ఇటూ మట్టి అంచు. ఎదురుగా లారీ వచ్చిందంటే ఎడమ చక్రాలు మట్టిలోకి దింపి తీరాలి. మీరు దింపకపోతే లారీవాడు మిమ్మల్నే దింపుతాడు. అంటే ఒక చక్రం తారు మీద, ఒక చక్రం బురదలో. నేనిందాక చెప్పిన లెక్కలో ఉన్న పరిస్థితి అచ్చంగా ఇదే. ఈ ప్రాంతంలో అది ఏదో ఒకనాటి ప్రమాదం కాదు, లారీ ఎదురైనప్పుడల్లా జరిగే నిత్యకృత్యం. ఇక తాలిపేరు లాంటి ఏళ్ళూ, వాగులూ పొంగి చప్టాల మీద నీళ్ళు పారి తగ్గాక మిగిలే ఒండ్రు సంగతి చెప్పనే అక్కర్లేదు. సబ్బు అరగదీసి పరిచినట్టుంటుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. గోదావరి వెనక్కి పోతూ ప్రతి ఊరి వాకిట్లో ఆ ఒండ్రే అప్పగించి పోతుంది.

ఈ దారుల్లో జనాన్ని మోసే బండ్లేవి? ఒకప్పుడు అంబాసిడర్, తర్వాత జీపు, టాటా సుమో, ఇప్పుడు బొలెరో, ఈకో, రోగుల్ని మోసే ఫోర్స్ ట్రావెలర్ వ్యాను. ఇవన్నీ వెనక చక్రాలు తోస్తే నడిచే బండ్లే. అంబాసిడర్ 2014లో ఉత్తరపారలో తయారీ ఆగి చరిత్రలో కలిసిపోయింది. దాని వెనక ఇరుసులో ఉన్న సమానత్వ సిద్ధాంతం మాత్రం వారసులకి భద్రంగా సంక్రమించింది.

ఇక్కడ నాకు ఒళ్ళు మండే విషయం ఒకటుంది. మా జిల్లా రైతు దగ్గరికెళ్ళి "ట్రాక్టరు దమ్ములో ఒక పక్క దిగబడితే ఏం చేస్తావయ్యా?" అని అడగండి. నవ్వుతాడు. "డిఫరెన్షియల్ లాక్ తొక్కుతానమ్మా" అంటాడు. కాలి మడమ దగ్గర ఒక చిన్న పెడలు. తొక్కితే రెండు పెద్ద చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి, ట్రాక్టరు లేచి వచ్చేస్తుంది. ఆ ఏర్పాటు ట్రాక్టర్లలో దశాబ్దాలుగా ఉంది. గనుల్లో బొగ్గు మోసే పెద్ద టిప్పర్లలో చాలా వాటికి కూడా అలాంటి తాళం ఉంటుంది. అంటే వరి నాటుకి దారి దొరికింది. బొగ్గుకి దారి దొరికింది. నొప్పులు పడుతున్న ఆడమనిషిని మోసే బండికి మాత్రం "అది రేసు కుర్రాళ్ళ సరదా మేడమ్" అనే జవాబు దొరికింది!

ఆ మాట నాతో అన్నది ఒక షోరూములోని అబ్బాయి. టై కట్టుకున్నాడు. "డిఫరెన్షియల్ ఎలాంటిది బాబూ?" అంటే ఒక్క క్షణం నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "సీటు కవర్లు చూపిస్తాను, రండి మేడమ్" అన్నాడు. ఈ దేశంలో చీర కట్టుకున్న మనిషి బండి అడుగుభాగం గురించి అడిగితే వినిపించదు. రంగు గురించి అడిగితేనే వినిపిస్తుంది. 1992లో అమెరికాలో "మై కజిన్ విన్నీ" అని ఒక సినిమా వచ్చింది. అందులో కథ మొత్తాన్ని మలుపు తిప్పేది ఈ డిఫరెన్షియలే. కోర్టు బోనెక్కి, రోడ్డు మీది టైరు గుర్తులు చూసి, ఇవి లిమిటెడ్ స్లిప్ ఉన్న కారువి, ముద్దాయిల కారుకి అది లేదని తేల్చి ఇద్దరు కుర్రాళ్ళని కాపాడేది ఒక ఆడపిల్ల. ఆ పాత్ర వేసిన మరిసా టొమైకి ఆస్కార్ బహుమతి ఇచ్చారు. మనకి బహుమతులొద్దు, అడిగినదానికి జవాబు చెబితే చాలు.

ఇంతకీ ఇది రేసు సరదానా? పుట్టింది రేసులోనే. 1930లలో జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షె తయారుచేసిన ఆటో యూనియన్ రేసు కార్లకి ఎంత బలమంటే, మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం పట్టు తప్పి ఊరికే తిరిగేది. జెడ్‌ఎఫ్ అనే కంపెనీ దానికి ఈ మందు వేసింది. సరే. కానీ 1956లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ దీన్ని మామూలు కొనుగోలుదారులకి అమ్మింది. మరుసటేడు షెవ్రొలే కూడా పాజిట్రాక్షన్ అని పేరు పెట్టి అమ్మింది. కొన్నది రేసుగాళ్ళు కాదండీ. వాకిట్లో మంచు పడే ఊళ్ళలో ఆఫీసులకీ చర్చిలకీ వెళ్ళే సంసారులు. వాళ్ళకి మంచు, మనకి బురద. జారడానికి దేశభాషలు లేవు.

రెండో వాదన మా బంధువుల్లో పెద్దమనిషిది. ఆయనకి రాని విద్య లేదు. "ఫోర్ వీల్ డ్రైవ్ కొనుక్కుంటే పోలా?" అంటారు. పోదు. నాలుగు చక్రాలకీ బలం పోయినా, ముందూ వెనకా ఉన్నవి మామూలు డిఫరెన్షియళ్ళే అయితే, ఎడమవైపు రెండు చక్రాలూ బురదలో ఉన్నప్పుడు ఆ రెండే తిరుగుతాయి, కుడివైపు రెండూ చోద్యం చూస్తాయి. ఒక అల్లుడు కూర్చునే చోట ఇద్దరు కూర్చున్నట్టు! పైగా ఆ బండి ఖరీదెక్కువ, బరువెక్కువ, తాగే డీజిలూ ఎక్కువే. పది రూపాయల చిల్లుకి వంద రూపాయల బొంత.

మూడోది డ్రైవర్ల చిట్కా. "హ్యాండ్‌బ్రేకు కొంచెం లాగి ఎక్సిలేటర్ తొక్కితే లేస్తుందండీ." వినడానికి బావుంటుంది. కానీ హ్యాండ్‌బ్రేకు రెండు వెనక చక్రాల్నీ ఒకేలా పట్టుకుంటుంది. జారే చక్రాన్ని ఆపి సంపాదించిన బలాన్ని, కదలాల్సిన చక్రం దగ్గరే మళ్ళీ ఖర్చు పెట్టేస్తుంది. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో లాక్కున్నట్టు. ట్రాక్టరుకి కుడి ఎడమలకి వేర్వేరు బ్రేకులుంటాయి గనక అక్కడ పనికొస్తుంది. బొలెరోకి అలా లేవే! ఇక రాళ్ళు పెట్టడం, కొమ్మలు నరికి వెయ్యడం, నలుగుర్ని పిలిచి తోయించడం అంటారా, పగటిపూట, ఊరి దగ్గర, మగవాళ్ళుంటే సరే. అర్ధరాత్రి టేకు అడవిలో, లోపల సెలైను సీసాతో రోగి ఉండగా ఆ నలుగుర్నీ ఎక్కణ్ణించి తేవాలి?

నాలుగోది కొత్త చదువుల వాదన. "ఇప్పుడన్నీ ఎలక్ట్రానిక్సేనమ్మా, జారే చక్రానికి అదే బ్రేకు వేస్తుంది." నిజమే, అలాంటివి వచ్చాయి. మంచివే. తారు మీద జారినప్పుడు అరక్షణంలో సర్దుతాయి. కానీ బురదలో ఎక్కువసేపు పెనుగులాడితే బ్రేకులు వేడెక్కుతాయి, ఇంజను బలంలో కొంత ఆ బ్రేకులోనే బూడిదవుతుంది. అదీగాక, ఈ దారుల్లో ఇంకా తిరుగుతున్న పాత బండ్లకి అవి లేవు. చాలామంది ఏబీఎస్ ఉందిగా అని గుండె మీద చెయ్యేసుకుంటారు. బాబూ, ఏబీఎస్ ఆగేటప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది. కదిలేటప్పుడు వట్టిగా తిరిగే చక్రంతో దానికి చుట్టరికమే లేదు.

అన్నిటికన్నా పెద్ద వాదన ఇంకొకటుంది. దాన్ని నేను గౌరవిస్తాను. "ముందు రోడ్లు వెయ్యండి, ఆ తర్వాత ఇరుసుల సంగతి చూద్దాం" అంటారు. వెయ్యాలి! వేసి తీరాలి. గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే బతుకు ఒక్కరోజు కూడా కొనసాగకూడదు. కానీ రోడ్డు వేసినా అంచు మట్టిదే. వేసిన రోడ్డునీ వాగు ఒక్క రాత్రిలో కోసుకుపోతుంది. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. కాస్త దూరం పోతే ఛత్తీస్‌గఢ్. మూడు ప్రభుత్వాల సరిహద్దులో రోడ్డు ఎవరిదన్న ప్రశ్న తేలేలోపు వానాకాలాలు చాలా పోతాయి. ఇరుసు అలా కాదు. బండితోపాటే ఎక్కడికైనా వస్తుంది. రోడ్డు వచ్చేదాకా ఇరుసు కాపాడుతుంది, వచ్చాక రోడ్డు దాటిన రెండడుగుల్లో కాపాడుతుంది. దాహంతో ఉన్నవాడితో "బావి తవ్విస్తున్నాం, అంతదాకా చెంబెందుకు?" అనకండి.

మాటలే కాదు, చేయించి చూశాను. మా ఇంటి పాత బొలెరోకి ఇలాంటి పలకల డిఫరెన్షియల్ వేయించాం. మా మేస్త్రీకి మొదట నమ్మకం కుదర్లేదు. "అమ్మా, గాట్లు కలవాలి, క్రౌను బోల్టులు కలవాలి, పళ్ళ లెక్క కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఇరుసు మొత్తం మూలుగుద్ది" అన్నాడు. మంచి మేస్త్రీ లక్షణం అదే, ముందు భయపెడతాడు. పని మొదలుపెట్టాక మాత్రం పురిటిగది మంత్రసానిలా ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

నేను స్టూలేసుకుని కూర్చుని చూశాను. బండిని పైకెత్తి గట్టి స్టాండ్ల మీద నిలిపాడు. పాత నూనె దింపాడు. చక్రాల వైపు నుంచి రెండు ఇరుసు కడ్డీలూ లాగాడు. మధ్య గుండు బయటికి తీసి, పెద్ద పళ్ళచక్రాన్ని పాతదాన్నుంచి విప్పి కొత్తదానికి బిగించాడు. అసలు పని అప్పుడు మొదలైంది. పెద్ద చక్రం పళ్ళకీ చిన్న పినియన్ పళ్ళకీ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో పదో వంతు, ఆపైన కాస్త లెక్కలో ఉంటుంది. అంటే ఒకటి రెండు వెంట్రుకల మందం. బిగువైతే వేడెక్కి చస్తుంది, వదులైతే ఏడుస్తుంది. సన్నని రేకు బిళ్ళలు మార్చి మార్చి పెడుతూ, గడియారంలాంటి కొలత పెట్టి చూస్తూ, పళ్ళకి రంగు పూసి తిప్పి, మచ్చ పంటి మధ్యన పడిందా అంచున పడిందా అని పరీక్షిస్తూ ఒక పూటంతా గడిపాడు. పట్టుచీరకి అంచు కుట్టేవాడి ఓపిక అది.

తర్వాత నూనె. పలకల రకానికి మామూలు గేరు నూనె పోస్తే మలుపుల్లో టకటక కొట్టుకుంటాయి. ఒరిపిడిని మృదువుగా ఉంచే మందు కలిసిన నూనే పొయ్యాలి. మొదటిరోజు ఖాళీ మైదానంలో మెల్లగా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పితే పలకలు ఒకదానికొకటి అలవాటుపడతాయి. కొత్త కోడలికి వంటిల్లు చూపించడమన్నమాట.

దీనివల్ల నష్టాలే లేవని నేననను. అలా చెప్పేది సీటు కవర్ల అబ్బాయి. తడి రోడ్డు మీద వేగంగా మలుపు తిరుగుతూ గట్టిగా తొక్కితే, మామూలు బండిలో ఒక వెనక చక్రమే పట్టు తప్పుతుంది, ఇందులో రెండూ కలిసి తప్పి తోక విసరవచ్చు. అందుకని రోడ్డు బండికి మరీ బిగువైన రేసు రకం పనికిరాదు, మెత్తని రకమే వేయించుకోవాలి. రెండు వెనక టైర్లూ ఒకే అరుగుదలలో ఉండాలి. లేకపోతే పలకలు తిన్నగా పోయేటప్పుడు కూడా ఒరుసుకుంటూనే ఉంటాయి. ఒక పక్క మాత్రమే జాకీ ఎత్తి ఇంజను గేర్లో తిప్పరాదు. నేలమీదున్న చక్రం తోస్తే బండి జాకీ మీంచి దూకుతుంది. పలకలు అరిగిపోయేవే గనక ఎప్పుడో మార్చాలి. పలకల్లేకుండా వంకర పళ్ళతో చేసే రకం ఇంకొకటుంది, అది అంతగా అరగదు. కానీ ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే చేతులెత్తేస్తుంది. సున్నాని మూడుతో హెచ్చవేస్తే సున్నాయే కదా! హ్యాండ్‌బ్రేకు చిట్కా నిజంగా పనిచేసేది ఆ రకానికే. బండిలో మార్పుచేర్పుల మీద చట్టం పట్టింపు కూడా ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ పట్టింపుని గట్టిగానే చెప్పింది. గుండు మార్చేముందు రవాణా శాఖవారినీ, బండి వారంటీలో ఉంటే కంపెనీవారినీ అడగడం మంచిది.

అసలు నా తగాదా అక్కడే ఉంది. ఈ తిప్పలన్నీ మనమెందుకు పడాలి? ఫ్యాక్టరీలోనే పెట్టి ఎందుకివ్వరు? చేతకాక కాదు. 2021లో మహీంద్రావారి బొలెరో నియో వచ్చింది. వెనక చక్రాలతోనే నడిచే బండి. అందులో పై మెట్టు రకానికి వెనక ఇరుసులో తనంతట తాను తాళం పడే డిఫరెన్షియల్ పెట్టారు. రెండు చక్రాల వేగాల్లో తేడా నిమిషానికి వంద చుట్లు దాటితే లోపలి చిన్న బరువులు విచ్చుకుని రెంటినీ ఒక్కటి చేస్తాయి. వేగం పుంజుకోగానే తాళం విడిపోతుంది. మీట నొక్కక్కర్లేదు, డ్రైవరుకి కొత్త విద్య నేర్పక్కర్లేదు. ఎంత ముచ్చటైన ఏర్పాటు! కానీ దాన్ని ఎవరికి ఇచ్చారు? అన్నిటికన్నా ఖరీదైన రకం కొనుక్కున్నవాళ్ళకి. వాళ్ళలో ఎందరు చర్ల దాటి వెళతారు? మెత్తటి సీట్లూ, తెర మీద పాటలూ కొనగలిగినవాడికి బురద దాటే శక్తి కూడా ఇస్తారట. పన్నెండుమందిని ఎక్కించుకుని సంతకి పోయే బండివాడికి మాత్రం కింది మెట్టు రకం, ఒంటి చక్రం కాపురం! ఏ పక్క ఆకలుందో చూడకుండా వడ్డించే విస్తరి ఇది.

2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ మొదలైంది. ఫోన్ చేస్తే బండి వస్తుందన్న మాట ఎన్ని ప్రాణాలకి ధైర్యమిచ్చిందో చెప్పలేం. ఆ బండిలో ఆక్సిజను ఉంది, స్ట్రెచరు ఉంది, చదువుకున్న మనిషి ఉన్నాడు. ఇన్ని పెట్టినవాళ్ళు వెనక ఇరుసు దగ్గరికొచ్చేసరికి ఎందుకు పొదుపు చెయ్యాలి? గంటలో చేరాల్సిన ఆస్పత్రికి ఆ బండి చేరకపోతే లోపలి సరంజామా అంతా ఎగ్జిబిషన్ సామానే కదా.

నేనడిగేది కోటల్లో పాగా కాదు. ఏజెన్సీ మండలాల కోసం ప్రభుత్వం వెనక చక్రాల బండి కొన్నప్పుడల్లా, అది అంబులెన్సు కానివ్వండి, ఆఫీసు జీపు కానివ్వండి, కొనుగోలు కాగితంలో ఒక్క వాక్యం ఎక్కువ రాయండి. "వెనక ఇరుసులో జారుడు హద్దులో ఉంచే డిఫరెన్షియల్ ఉండాలి" అని. వందల బండ్లకి ఒకేసారి అడిగితే ఏ కంపెనీ కాదంటుంది? అడగని బిడ్డకి అమ్మయినా పెట్టదని సామెత.

చదివే అమ్మలకీ ఒక మనవి. ఇంట్లో బండి కొనే మాట వచ్చినప్పుడు రంగు మీకు వదిలేసి, మిగతావన్నీ వాళ్ళు మాట్లాడుకుంటారు. వదలకండి. షోరూములో మొదటి ప్రశ్న మీరే వెయ్యండి. "ఒక చక్రం బురదలో ఉంటే రెండోది పనిచేస్తుందా?" అని. ఆ అబ్బాయి సీటు కవర్లు చూపిస్తానంటే, మళ్ళీ అదే ప్రశ్న కొంచెం గట్టిగా వెయ్యండి. పదిమంది అడిగితే వాడు లోపలికెళ్ళి మేనేజరుని అడుగుతాడు. వందమంది అడిగితే మేనేజరు ఫ్యాక్టరీని అడుగుతాడు. గట్టినేల మీద కాళ్ళున్నవాళ్ళు ఊరికే కూర్చోకూడదు. అది చక్రాలకైనా అంతే, మనుషులకైనా అంతే.